నార్మా అనే బొమ్మ: ఎవరికీ సరిపోని కొలతల కథ

పోయిన ఎపిసోడ్ కింద ఒక కామెంట్ వచ్చింది. "అక్కా, కంటెంట్ సూపర్. కాస్త ఒళ్లు తగ్గితే ఇంకా బాగుంటారు." అంతే. తిట్టలేదు పాపం, ప్రేమగానే రాశారు. కింద బోలెడన్ని లైకులు కూడా ఉన్నాయి. డిలీట్ చేద్దామని వేలు పెట్టి, మళ్లీ ఆగిపోయాను. నాకు కోపం కంటే ముందు ఒక డౌట్ వచ్చింది. "ఇంకా బాగుంటారు" అంటే దేనితో పోల్చి? తగ్గాలి అంటే ఎక్కడి దాకా తగ్గాలి? ఎక్కడో ఒక గీత ఉండాలి కదా. ఆ గీత ఎవరు గీశారు?

ఈ ప్రశ్న పట్టుకుని చదువుతూ వెళ్తే ఒక శిల్పం దగ్గరికి చేరాను. దాని పేరు నార్మా. ఈ రోజు ఎపిసోడ్ దాని గురించే. చివర్లో నేను ఉద్యోగంలో చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. ఈ శిల్పం కథ చదివాకే అది తప్పని నాకు పూర్తిగా అర్థమైంది.

సరే, అమెరికాకి వెళ్దాం. 1940ల మొదట్లో న్యూయార్క్‌లో రాబర్ట్ లాటూ డికిన్సన్ అని ఒక పెద్ద డాక్టర్ ఉండేవారు. స్త్రీల వైద్యంలో, కాన్పుల్లో పేరున్న మనిషి. చక్కగా బొమ్మలు గీసేవారు కూడా. ఆయనకి ఏబ్రమ్ బెల్‌స్కీ అనే శిల్పి తోడయ్యారు. ఇద్దరూ కలిసి, కడుపులో బిడ్డ ఎలా పెరుగుతుందో, కాన్పు ఎలా జరుగుతుందో చూపించే శిల్పాలు చేశారు. 1939లో న్యూయార్క్‌లో జరిగిన వరల్డ్స్ ఫెయిర్‌లో వాటిని జనానికి చూపించారు. ఆ కాలంలో ఇలాంటి విషయాలు పైకి మాట్లాడేవాళ్లు కాదు. అందుకని అది నిజంగా మంచి పనే.

ఆ తర్వాత వాళ్లకి ఇంకో ఆలోచన వచ్చింది. అమెరికన్ యువతి ఎలా ఉంటుందో ఒక శిల్పంలో చూపిస్తే? ఫలానా అమ్మాయి అని కాదు. ఏ మోడల్‌నీ ఎదురుగా నిలబెట్టరు. వేల మంది కొలతలు తీసుకుని, వాటికి సగటు కట్టి, ఆ సగటుతో ఒక శరీరాన్ని చెక్కుతారు. ఆడ బొమ్మ పేరు నార్మా. మగ బొమ్మ పేరు నార్మ్‌మన్. నార్మల్ అనే మాటలోంచి పుట్టిన పేర్లని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మరి ఆ కొలతలు ఎక్కడివి? ఇక్కడే కథ బట్టల షాపులోకి వస్తుంది. అప్పటికి అమెరికాలో రెడీమేడ్ బట్టలు, పోస్టులో తెప్పించుకునే బట్టలు బాగా పెరిగాయి. కానీ ఒక్కో కంపెనీది ఒక్కో సైజు. కొన్నవాళ్లకి సరిపోవు, వెనక్కి పంపేస్తారు. అది కంపెనీలకి పెద్ద తలనొప్పి. అందుకని అక్కడి వ్యవసాయ శాఖ కింద ఉండే ఒక విభాగం, 1939, 1940లలో దాదాపు 15,000 మంది ఆడవాళ్ల కొలతలు తీసింది. ఒక్కొక్కరికి బరువుతో కలిపి 59 కొలతలు. ఆ ఫలితాలు 1941లో పుస్తకంగా వచ్చాయి. మన సల్వార్ మీద, జీన్స్ మీద కనబడే సైజు నంబర్లు ఉన్నాయే, ఆ తరహా నంబర్లని లెక్క కట్టి పెట్టాలన్న పెద్ద ప్రయత్నాల్లో ఇది ఒకటి.

ఒక చిన్న మాట, కానీ ముఖ్యమైన మాట. ఆ లెక్కలోకి తీసుకున్నది తెల్లజాతి స్త్రీలనే. నల్లజాతి వాళ్ల కొలతలు అందులో లేవు. నార్మాని చెక్కడానికి వాడింది కూడా ఇలాంటి లెక్కల్లోంచి ఏరిన తెల్ల యువతుల సగటునే. అంటే "సగటు అమెరికన్ స్త్రీ" అని పేరు పెట్టక ముందే, సగటు ఎవరిది కట్టాలో ఒకళ్లు తేల్చేశారన్నమాట. డేటాతో పనిచేసిన వాళ్లెవరికైనా ఈ చోటు తెలుసు. తప్పు ఎప్పుడూ లెక్కలోనే ఉండక్కర్లేదు. లెక్క మొదలుపెట్టకముందే కూడా ఉండొచ్చు.

1945లో నార్మాని, నార్మ్‌మన్‌ని న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ప్రదర్శించారు. అక్కడ పనిచేసే హ్యారీ షపీరో అనే మానవ శాస్త్రజ్ఞుడు మ్యూజియం పత్రికలో వీటి గురించి వ్యాసం రాశారు. అందులో రెండు విషయాలున్నాయి. ఈ సగటు ఆకారం ఒక రకమైన పరిపూర్ణతకు దగ్గరగా ఉందన్నారు. అదే వ్యాసంలో, ఇలాంటి సగటు మనిషి దొరకడం చాలా చాలా అరుదు అని కూడా అన్నారు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. అందరి సగటు అట. కానీ ఎక్కడా దొరకదట. పైగా పరిపూర్ణమట! జనానికి మాత్రం ఆ చివరి మాటే గుర్తుండిపోయింది.

అదే ఏడాది ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ హెల్త్ మ్యూజియం ఈ బొమ్మల్ని తీసుకుంది. సెప్టెంబర్‌లో అక్కడి పత్రిక క్లీవ్‌లాండ్ ప్లెయిన్ డీలర్ ఒక పోటీ పెట్టింది. యుద్ధం అప్పుడే ముగిసింది. పోటీ ఏంటంటే, నార్మా కొలతలకి అచ్చంగా సరిపోయే అమ్మాయిని కనిపెట్టడం. ఎత్తు, బరువు, ఛాతీ, నడుము, తుంటి, తొడ, పిక్క... ఇలా మొత్తం 9 కొలతలు. గెలిస్తే యుద్ధ బాండ్లు బహుమతి.

ఎంతమంది పంపారో తెలుసా? 3,864 మంది. ఒక్కసారి ఊహించుకోండి. క్లీవ్‌లాండ్ చుట్టుపక్కల దాదాపు నాలుగు వేల మంది ఆడవాళ్లు టేపు తీసుకుని తమ పిక్కని, తొడని కొలుచుకుని, ఒక బొమ్మతో పోల్చుకుంటున్నారు. పోటీ పెట్టినవాళ్లు ఏమనుకున్నారంటే, ఇది సగటు కాబట్టి చాలామంది దగ్గర దగ్గరగా వస్తారు, మిల్లీమీటర్ల తేడాతో గెలుపు తేలుతుంది అని. మనమైనా అలాగే అనుకుంటాం.

తీరా చూస్తే 9 కొలతల్లోనూ సరిపోయింది ఒక్కరంటే ఒక్కరు లేరు. 9 దాకా ఎందుకు, కనీసం 5 కొలతల్లో సగటుకి దగ్గరగా వచ్చినవాళ్లు కూడా 40 మంది కంటే తక్కువ. చివరికి ఒక సినిమా థియేటర్‌లో టికెట్ కౌంటర్లో పనిచేసే 23 ఏళ్ల అమ్మాయిని విజేతగా ప్రకటించారు. ఉన్నవాళ్లలో దగ్గరగా ఉందని. నిజం చెప్పాలంటే ఆ అమ్మాయి కూడా నార్మా కాదు.

ఇప్పుడు మీరు జడ్జీల కుర్చీలో ఉన్నారనుకోండి. 3,864 మందిలో ఒక్కరూ బొమ్మతో సరిపోలేదు. తప్పు ఎవరిది? బొమ్మదా, మనుషులదా? మనకి ఇక్కడ కూర్చుంటే బొమ్మదే అనిపిస్తుంది. కానీ ఆ కాలం డాక్టర్లు చాలామంది ఇంకోలా చెప్పారు. మన ఆడవాళ్ల ఆరోగ్యం బాలేదు, వ్యాయామం లేదు, ఒళ్లు అదుపులో లేదు అని. బొమ్మ అలాగే నిలబడి ఉంది. దిద్దుకోవాల్సింది మనుషులు.

నాకు ఇక్కడ చదవడం ఆపి, లేచి మంచినీళ్లు తాగి రావాల్సి వచ్చింది. ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేశాను. మొదట్లో చెప్తానన్నది ఇదే.

బీటెక్ అయ్యాక నా మొదటి ఉద్యోగంలో మా టీమ్‌కి ఒక బట్టల యాప్ పని వచ్చింది. కంపెనీ పేరు వద్దులెండి. యూజర్ తన ఎత్తు, బరువు ఇస్తే, "మీకు ఈ సైజు సరిపోతుంది" అని యాప్ చెప్పాలి. అయితే భుజం ఎంత, తుంటి ఎంత, చెయ్యి లావు ఎంత అంటే ఎవరు నింపుతారు? అందరూ ఖాళీగా వదిలేస్తారు. కోడ్ నడవాలంటే ఖాళీలో ఏదో ఒక నంబర్ ఉండాలి. సగటు వేసెయ్ అన్నారు. వేసేశాను. ఒక్క లైను. టెస్టులన్నీ పాసయ్యాయి. టీమ్ అంతా బిర్యానీ తిన్నాం.

కొన్నాళ్లకి రిటర్న్ వచ్చిన బట్టల లిస్టు నా దగ్గరికి వచ్చింది. వెనక్కి పంపేటప్పుడు కారణం రాయడానికి ఒక చిన్న బాక్స్ ఉంటుంది కదా, అవి చదువుతున్నాను. "కలర్ వేరే వచ్చింది", "లేట్ అయింది", "చేతులు పట్టలేదు". మధ్యలో ఒకావిడ ఇలా రాశారు. "డ్రెస్ బాగానే ఉంది. నా ఒళ్లే సరిగ్గా లేదు. సారీ."

ఆవిడ ఆర్డర్ తెరిచి చూశాను. ఎత్తు, బరువు ఇచ్చారు. మిగతావన్నీ ఖాళీ. ఆ ఖాళీల్లో ఉన్నది నేను పెట్టిన సగటు. అంటే యాప్ ఆవిడ కోసం సైజు చెప్పలేదు, అసలు లేని ఒక మనిషి కోసం చెప్పింది. ఆ డ్రెస్ చేతులు పట్టకపోతే, ఆవిడ మాకు సారీ చెప్పారు. నేనేం చేశానో తెలుసా? ఆ టికెట్‌ని "కస్టమర్ సమస్య" అనే కేటగిరీలో వేసి క్లోజ్ చేశాను. అప్పుడు అది తప్పని తట్టనేలేదు. డ్రాప్‌డౌన్‌లో "మా సమస్య" అనే ఆప్షన్ లేదు మరి.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. సగటు ఎందుకు ఇలా మోసం చేస్తుంది?

క్లీవ్‌లాండ్ పోటీ జరిగిన ఐదేళ్లకి, 1950లో, అదే ఒహాయోలోని రైట్ వైమానిక స్థావరంలో ఇంకో కొలతల కార్యక్రమం జరిగింది. విమానాల కాక్‌పిట్‌లు సగటు పైలట్ కొలతలతో కట్టినవి. కానీ పైలట్లకి విమానాన్ని అదుపు చేయడం కష్టమవుతోంది. మనుషులు పెరిగారేమో, సగటు మళ్లీ కట్టాలేమో అని నాలుగు వేల మందికి పైగా పైలట్లని కొలిచారు. అక్కడ గిల్బర్ట్ డేనియల్స్ అనే కుర్ర లెఫ్టినెంట్ ఉన్నాడు. అతనికి ఒక చిన్న అనుమానం వచ్చింది. అసలు సగటు పైలట్లు ఎంతమంది ఉన్నారు?

కాక్‌పిట్‌కి ముఖ్యమైన 10 కొలతలు తీసుకున్నాడు. సగటు అంటే మరీ కచ్చితంగా కూడా అడగలేదు. మధ్యలో ఉన్న 30 శాతం మందిలో ఉంటే చాలు, సగటే అనుకున్నాడు. చాలా ఉదారంగా ఇచ్చిన మార్కులు అవి. 4,063 మంది పైలట్లలో పదికి పది కొలతల్లో సగటు ఉన్నవాళ్లు ఎంతమంది? సున్నా. మూడే మూడు కొలతలు తీసుకుంటే? 3.5 శాతం కంటే తక్కువ.

ఇది వింతేమీ కాదు, ఇంటర్మీడియట్‌లో చదువుకున్న ప్రాబబిలిటీనే. ఒక్కో కొలతలో సగటు అయ్యే అవకాశం 0.3. కొలతలకి ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుని లెక్క వేద్దాం. మూడు కొలతలకి 0.3 ఇంటూ 0.3 ఇంటూ 0.3, అంటే 2.7 శాతం. పది కొలతలకి వెళ్తే పది లక్షల మందిలో ఆరుగురు కూడా మిగలరు. నిజానికి పొడుగు మనిషికి కాళ్లు కూడా పొడుగే ఉంటాయి, కొంత సంబంధం ఉంటుంది. అయినా పొడుగు కాళ్లు, సన్నటి మణికట్టు, వెడల్పు భుజాలు, పొట్టి మెడ... ఒక్కొక్కరిలో ఇవి ఒక్కో రకంగా కలుస్తాయి. ఒక్కో అంకెకి విడిగా సగటు కట్టొచ్చు. ఆ అంకెలన్నీ కలిపి ఒక మనిషిని తయారు చేస్తే మాత్రం ఆ మనిషి ఎక్కడా ఉండదు.

ఇంత జరిగాక వైమానిక దళం ఏం చేసింది? పైలట్లని ఒళ్లు తగ్గించుకోమనలేదు, చేతులు పెంచుకోమనలేదు. సీటు ముందుకీ వెనక్కీ జరిగేలా, పెడళ్లు జరిగేలా, హెల్మెట్ పట్టీలు బిగించుకునేలా మార్చింది. మనం ఈ రోజు కారు ఎక్కగానే సీటు జరుపుకుంటాం కదా, ఆ ఆలోచనే. ఒకే రాష్ట్రం, ఐదేళ్ల తేడా. ఆడవాళ్లు బొమ్మకి సరిపోకపోతే ఆడవాళ్లని మారమన్నారు. మగ పైలట్లు కుర్చీకి సరిపోకపోతే కుర్చీని మార్చారు. విమానం కూలితే ప్రాణం పోతుంది, కోట్లు పోతాయి, అందుకని అక్కడ నిజం ఒప్పుకోక తప్పలేదు. నార్మా దగ్గర పోయింది ఆడవాళ్ల మనశ్శాంతి ఒక్కటే. దానికి లెక్క రాసుకునే రిజిస్టర్ లేదు.

సరే, శిల్పం వల్ల వచ్చిన తంటాకి శిల్పులే ఏమైనా జవాబు చెప్పారా? చెప్పారు. నాకు బాగా నచ్చిన రెండు చెప్తాను.

మొదటిది నికీ ద సాఁ ఫాల్ అనే ఫ్రెంచ్ అమెరికన్ శిల్పిది. ఈవిడ కుర్రతనంలో ఫ్యాషన్ మోడల్. లైఫ్ పత్రిక కవర్ మీద, ఫ్రెంచ్ వోగ్ కవర్ మీద ఆవిడ ఫొటో వచ్చింది. అంటే ఆ గీత గీసే బొమ్మల్లో తనూ ఒకటిగా నిలబడిన మనిషి. 1965 ప్రాంతంలో ఆవిడ స్నేహితురాలు ఒకరు కడుపుతో ఉన్నారు. ఆ గుండ్రటి ఆకారం చూసి "నానా" అనే శిల్పాలు మొదలుపెట్టారు. పెద్ద పెద్ద తుంటి, పెద్ద పొట్ట, చిన్న తల, ఒంటి నిండా ఎరుపు, పసుపు, నీలం రంగులు. ఆ బొమ్మలు సిగ్గుతో ముడుచుకోవు, ఒంటి కాలి మీద గెంతుతుంటాయి. 1974లో జర్మనీలోని హానోవర్‌లో నది ఒడ్డున మూడు నానాలు పెడితే ఊళ్లో పెద్ద గొడవే అయింది. ఇదేం బొమ్మ, తీసెయ్యండి అన్నారు. ఇప్పుడు అవే ఆ ఊరికి గుర్తు. టూరిస్టులు వాటి ముందు ఫొటోలు దిగుతారు. బొమ్మలు అవే, అంగుళం కూడా తగ్గలేదు. చూసి చూసి జనం కళ్లు అలవాటు పడ్డాయి.

రెండోది లండన్‌లో. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నాలుగు మూలలా విగ్రహాల కోసం దిమ్మెలు ఉన్నాయి. నాలుగో దిమ్మె చాలా ఏళ్లు ఖాళీగా ఉండి, తర్వాత కొత్త కళాఖండాలకి వేదిక అయింది. 2005 సెప్టెంబర్‌లో దాని మీద మార్క్ క్విన్ చేసిన తెల్ల పాలరాతి శిల్పం పెట్టారు. మూడున్నర మీటర్ల ఎత్తు. అందులో ఉన్నది అలిసన్ లాపర్ అనే కళాకారిణి. ఆవిడ చేతులు లేకుండా, పొట్టి కాళ్లతో పుట్టారు. ఈ శిల్పం కోసం కూర్చున్నప్పుడు నిండు గర్భిణి.

క్విన్‌కి ఈ ఆలోచన ఎలా వచ్చిందంటే, బ్రిటిష్ మ్యూజియంలో చేతులు విరిగిన గ్రీకు శిల్పాల ముందు జనం మైమరచి నిలబడటం చూశాడు. పారిస్‌లో వీనస్ ద మైలో సంగతి మీకు తెలుసు, దానికి రెండు చేతులూ లేవు. అందానికి ఉదాహరణగా చెప్పేది దాన్నే. మరి నిజంగా చేతులు లేని మనిషి ఎదురైతే జనం చూపు తిప్పేసుకుంటారు. రాయిలో అయితే అందం, ఒంట్లో అయితే లోపమా? అందుకే గ్రీకుల పద్ధతిలోనే, అదే నున్నటి తెల్ల పాలరాయిలో నిజమైన మనుషుల్ని చెక్కించాడు.

కొంతమంది తిట్టారు. సంచలనం కోసం చేశారన్నారు. ఇలాంటిది కూడలిలో పెట్టాలా అన్నారు. తమాషా ఏంటంటే, అదే కూడలి మధ్యలో ఎత్తైన స్తంభం మీద ఉన్న సేనాని నెల్సన్‌కి కూడా కుడి చెయ్యి లేదు. యుద్ధంలో పోయింది. ఆయన్ని చూసి ఇబ్బంది పడినవాళ్లు లేరు. అలిసన్ మాత్రం ఈ విగ్రహం స్త్రీత్వానికి, వైకల్యానికి, మాతృత్వానికి దక్కిన గౌరవం అన్నారు. 2007 దాకా ఆ రాతి మనిషి అక్కడే తలెత్తుకుని కూర్చుంది. 2012లో లండన్ పారాలింపిక్స్ ప్రారంభోత్సవంలో గాలి నింపిన పెద్ద ప్రతిరూపంగా మళ్లీ కనబడింది.

గమనించారా, ఈ ఇద్దరూ సన్న బొమ్మ బదులు లావు బొమ్మనో, ఇంకో బొమ్మనో పెట్టి "ఇకనుంచి ఇలా ఉండండి" అనలేదు. నార్మాకీ వీటికీ తేడా అక్కడే ఉంది. అలిసన్ విగ్రహం పక్కన టేపు పెట్టుకుని కొలుచుకోమని ఎవరికీ పోటీ పెట్టలేం. అది ఒక మనిషి. పేరున్న మనిషి. నార్మాకి పేరు ఉంది గానీ మనిషి లేదు.

మరి మన దగ్గర శిల్పులకి కొలతలు లేవా అంటే, బ్రహ్మాండంగా ఉన్నాయి. శిల్పశాస్త్రంలో తాలమానం అంటారు. ముఖం పొడుగుని ఒక తాలంగా తీసుకుని, ఏ మూర్తికి ఎన్ని తాలాలో చెప్పే పద్ధతి. విష్ణువు, శివుడు లాంటి వాళ్లకి దశతాలం. వినాయకుడికి పంచతాలం, అందుకే అంత పెద్ద తల, అంత పొట్టి ఒళ్లు. అందులో నాకు భలే నచ్చింది దేహాంగుళం అనే మాట. అంగుళం అంటే బయటి నుంచి తెచ్చిన స్కేలు కాదు. చెక్కబోయే మూర్తి ఎత్తుని ఇన్ని భాగాలని చేస్తే, అందులో ఒక భాగమే ఆ మూర్తికి అంగుళం. ఇంకో మూర్తికి ఇంకో అంగుళం. కొలత ఆ దేహంలోంచే పుడుతుంది.

అలాగని మనవాళ్లు ఎప్పుడో అన్నీ కనిపెట్టేశారు అని నేను కాలరెగరేయట్లేదు. రామప్ప గుడిలో మదనికల్ని చూడండి, అందరిదీ ఒకటే సన్న నడుము. మన శిల్పాల్లోనూ ఆడవాళ్లకి ఒక అచ్చు ఉంది, దాన్ని ఇప్పటికీ పెళ్లిచూపుల దాకా మోసుకొస్తున్నాం. నేను తీసుకుంటున్నది ఆ ఒక్క మాటనే. కొలత దేహంలోంచి పుట్టాలి.

అది నాకు ఏ శాస్త్రమూ చదవకముందే మా వీధి టైలర్ దగ్గర కనబడి ఉండాల్సింది. అమ్మ ఎప్పుడు బ్లౌజు కుట్టించుకోవడానికి వెళ్లినా ఆవిడ మొదటి ప్రశ్న ఒకటే. "ఆది తెచ్చారా?" ఆది జాకెట్టు తెలుసు కదా. మనకి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు. దాన్ని పరిచి, దాని మీద కొత్త బట్ట వేసి కత్తిరిస్తారు. సైజు 36, 38 అనే మాటే రాదు. ఈ ఎపిసోడ్ రాసుకుంటున్నప్పుడు అమ్మతో పాటు వెళ్లాను. ఆవిడ అమ్మ భుజం మీద చెయ్యి వేసి, "ఈ భుజం కొంచెం కిందికి ఉందమ్మా, అటు పావు అంగుళం దించి కుడతా" అంది. అమ్మ సారీ చెప్పలేదు. చెప్పాల్సిన పనే అక్కడ లేదు. భుజం అలా ఉంది, బట్ట అలా కుట్టాలి, అంతే.

నేను కోడ్‌లో పెట్టింది సగటు. ఆవిడ కత్తెర కింద పెట్టేది ఆది. నాలుగేళ్లు బీటెక్ చదివిన నాకంటే ఆవిడకే డేటా బాగా తెలుసు.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. ఆరోగ్యం పట్టించుకోవద్దని నేను అనట్లేదు. షుగరో, బీపీనో, మోకాళ్ల నొప్పో ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆయన మీ రక్తం చూస్తారు, మీ బీపీ చూస్తారు, మీ ఇంట్లో ఎవరికి ఏముందో అడుగుతారు. అది కూడా ఒక రకంగా ఆది తీసుకోవడమే. నేను మాట్లాడేది వేరే దాని గురించి. ట్రయల్ రూమ్‌లో జిప్ పైకి రాకపోతే అద్దంలో మనల్ని మనం తిట్టుకుంటాం చూడండి, దాని గురించి. ఆ జిప్ కుట్టినవాళ్లు మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు. వాళ్ల దగ్గర ఉన్నది ఒక టేబుల్. ఆ టేబుల్ నింపింది నాలాంటి వాళ్లే, ఖాళీ ఉన్న చోట సగటు వేసి.

కామెంట్ పెట్టిన ఫ్రెండ్‌కి: మీ మీద నాకు కోపం లేదు. డిలీట్ కూడా చేయలేదు, అక్కడే ఉంది. ఆ గీత మీరు గీయలేదు, మీకు కూడా ఎవరో అందించారు. ఈసారి ఎవరికైనా అలా రాసేముందు, ఎవరితో పోలుస్తున్నానా అని ఒక్కసారి అడుగు వెనక్కి వేసి చూడండి. అక్కడ నిజమైన మనిషి ఎవరైనా కనబడతారేమో వెతకండి.

ఇక "నా ఒళ్లే సరిగ్గా లేదు, సారీ" అని రాసినావిడ ఈ వీడియో చూస్తారో లేదో తెలీదు. చూస్తే మాత్రం ఇది మీకే అండి. మీ ఒళ్లు బాగానే ఉంది. ఆ రోజు మీరు ఖాళీగా వదిలేసిన చోట నేను వేరేవాళ్ల కొలత పెట్టాను. సారీ చెప్పాల్సింది నేను. టికెట్ తప్పు కేటగిరీలో క్లోజ్ చేశాను.

మీ దగ్గర కూడా ఇలాంటి ట్రయల్ రూమ్ కథలు, టైలర్ కథలు ఉంటే రాయండి, నేను అన్నీ చదువుతాను. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అందాకా ఉంటాను, నమస్తే.